ముద్దముద్దకీ నీళ్ళు

మా అత్తమ్మ జొన్నరొట్టె మానేసి మెత్తన్నం అడిగితే, పళ్ళు కదులుతున్నాయేమో అనుకున్నాను. తర్వాత మజ్జిగ ఎక్కువ పొయ్యమంది. ఆ తర్వాత ముద్దముద్దకీ నీళ్ళు తాగేది. రోజూ వడ్డించేది నేనే. మూడు నెలలు నా కళ్ళముందే జరిగినా నాకు పట్టలేదు.

"ముందే చెప్పొచ్చు గదా అత్తమ్మా" అంటే, "మిర్చి ఏరే రోజులు, మీ పని చెడుద్దని ఊకున్నా బిడ్డా" అంది.

ఖమ్మంలో ఎండోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షకు పంపారు. అన్నవాహికలో క్యాన్సర్. ఏళ్ళ తరబడి ఆకువక్కలో ఆమె నమిలిన పొగాకు గుర్తొచ్చింది. కుసుమంచి నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రికి తీసుకెళ్ళాం.

రిపోర్టులో 'లింఫోసైట్లు' అన్న మాట చూసి, ఇదేం కొత్త రోగమోనని హడలిపోయాను. డాక్టరమ్మ నవ్వి, "అవి మనవాళ్ళేనమ్మా, ఒంటిని కాపాడే తెల్లరక్తకణాలు. గడ్డ లోపలికి వెళ్ళాయి" అన్నారు. వాటిలో టీ కణాలకు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి చంపే శక్తి ఉందట. గడ్డలో అవి ఎక్కువగా ఉన్నవాళ్ళు సగటున ఎక్కువ కాలం బతికినట్టు ఈ క్యాన్సర్ మీద చేసిన చాలా పరిశోధనల్లో కనిపించిందట.

"అయితే మా అత్తమ్మకి తగ్గిపోతుందా?" అన్నాను ఆశగా.

"సగటు పదిమంది లెక్కమ్మా. ఒక్కరి జాతకం చెప్పదు."

మరి కాపలా ఉండగా గడ్డ ఎలా పెరిగింది? క్యాన్సర్ కణాలు ఆ టీ కణాలకు బ్రేకు వేస్తాయట. ఆ బ్రేకు తీసి వైద్యం చేసే దారి చూపినందుకే అమెరికా శాస్త్రవేత్త అల్లిసన్‌కి, జపాన్ శాస్త్రవేత్త హోంజోకి 2018లో నోబెల్ ఇచ్చారు. అలాంటి మందులు అన్నవాహిక క్యాన్సర్‌కీ వచ్చాయి. కానీ అందరికీ పనిచేయవు, ఖరీదూ ఎక్కువే. అత్తమ్మకి ముందు కీమో, రేడియేషన్ మొదలుపెట్టారు.

ఆ రాత్రి ఆమెకు నాకు తెలిసినట్టే చెప్పాను. "లోపల నీ సైన్యం ఉందంట అత్తమ్మా."

"మరి దానికి తిండి పెట్టొద్దా? ఇంకో గరిటె జావ పొయ్యి" అంది.

రేపటి సంగతి తెలియదు. ఈ రోజు మాత్రం గ్లాసుడు జావ దిగింది.

మీ ఇంట్లో ఎవరైనా ముద్దముద్దకీ నీళ్ళు తాగుతుంటే, వాళ్ళు చెప్పేదాకా ఆగకండి. వడ్డించే మనకే కదా ముందు కనిపించేది.