శని ఉచ్ఛలో ఉంటే గుండెలో మూడు కత్తులా?

టారో తెలిసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ముందు సంజాయిషీ చెప్పుకోండి. ఇంత గొప్ప సంగతిని ఇన్నాళ్ళూ నా చెవిన వేయకుండా ఎలా ఊరుకున్నారు? టారో అంటే నాకు తెలిసిందల్లా ఫోన్‌లో తిరిగే వీడియోలే. మూడు గుట్టల్లో ఒకటి ఎంచుకోమంటారు, పాత స్నేహం తిరిగొస్తుందో రాదో చెబుతారు. ఇప్పుడు ఒకే ఒక్క కార్డు నా బుర్రలో దూరి కాపురం పెట్టింది. కనిపించినవాళ్ళందరికీ దాని గురించే చెబుతున్నాను. నన్ను చూసి తప్పుకు తిరుగుతున్నారు కాబట్టి ఇక మీకు చెబుతాను.

ఆ కార్డు పేరు త్రీ ఆఫ్ స్వోర్డ్స్. మన పేకలో ఇస్పేటు ఉండే చోట ఇటలీ పేకలో కత్తులుంటాయి, కాబట్టి మన లెక్కలో ఇది ఇస్పేటు మూడు. బూడిదరంగు ఆకాశం, ముసురుకున్న మబ్బులు, ఏటవాలుగా కురిసే వాన. మధ్యలో ఎర్రటి గుండె, దాన్ని చీల్చుకుంటూ మూడు కత్తులు. ఒకటి పైనుంచి నిటారుగా, రెండు చెరోపక్క నుంచి. మనిషి లేడు, ఇల్లు లేదు, చెట్టు లేదు. లండన్‌లో విలియం రైడర్ కంపెనీ 1909లో వేసిన పేకలోది ఈ బొమ్మ. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ తలపెట్టిన ఆ పేకకు పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి కొద్ది నెలల్లోనే 78 కార్డుల బొమ్మలూ గీసి ఇచ్చింది. ఈ కార్డు పడితే జోస్యం చెప్పేవాళ్ళ మొహం కూడా వాడిపోతుంది. గుండెకోత, ఎడబాటు, కన్నీళ్ళు. అర్థం అక్కడితో సరి.

సరి కాదు! ఒక పట్టికలో ఈ కార్డుకు ఎదురుగా రెండు గుర్తులు చూశాను. శని. తుల.

జాతకాల గాలి కాస్త సోకినవాళ్ళకెవరికైనా ఇక్కడ చెవులు నిక్కబొడుచుకోవాలి. తులలో శని ఉచ్ఛ కదా! మేషంలో నీచ, తులలో ఉచ్ఛ. ఏలినాటి శని పేరెత్తితే నువ్వులు, నూనె పట్టుకుని గుడికి పరిగెత్తే ఇళ్ళలో కూడా తుల శనికి ఒక మర్యాద ఉంటుంది. తులలో శని కేంద్రంలో పడితే అది శశ యోగం, పంచ మహాపురుష యోగాల్లో ఒకటి. మరి అంత ఘనంగా వెలిగే గ్రహానికి గుండెలో దిగిన మూడు కత్తులు రాసిచ్చిన మహానుభావులెవరు? వాళ్ళకు జ్యోతిషం రాదా?

వచ్చు. బ్రహ్మాండంగా వచ్చు. వినండి.

టారోలో 78 కార్డులు. 22 పెద్ద కార్డులు, 16 రాజులు రాణుల వంటి కొలువు కార్డులు, మిగతావి 40 అంకెల కార్డులు. ఆ నలభైలో నాలుగు ఆసులు పక్కన పెడితే రెండు నుంచి పది వరకు తొమ్మిది కార్డులు, నాలుగు రంగులు: మొత్తం 36. పన్నెండు రాశులు, ఒక్కో రాశిని పదేసి భాగల చొప్పున మూడుగా కోస్తే? అవీ 36! మనం ద్రేక్కాణాలంటామే, అవే. ఒక్కో ద్రేక్కాణానికి ఒక్కో కార్డు.

పంపకం ఎలా చేశారో చూస్తే చప్పట్లు కొట్టాలనిపించింది. 2, 3, 4 చర రాశులకు. 5, 6, 7 స్థిర రాశులకు. 8, 9, 10 ద్విస్వభావ రాశులకు. కర్రలు అగ్నితత్త్వం, పాత్రలు జలం, కత్తులు వాయువు, నాణేలు భూతత్త్వం. మన పంచాంగకర్తను నిద్రలో లేపి అడిగినా ఇదే విభజన చెబుతాడు. చర రాశుల్లో వాయు రాశి తుల. కాబట్టి కత్తుల రెండు, మూడు, నాలుగు తులకు చెందాయి. మూడు నడిమిది: తులలో 10 నుంచి 20 భాగల వరకు. శనికి పరమోచ్ఛ ఎక్కడ? మన శాస్త్రం ప్రకారం తులలో 20వ భాగ. సరిగ్గా ఈ కార్డు ముగిసే అంచు! కార్డులో ఒక్కో భాగ ఎక్కుతూ శని శిఖరానికి చేరతాడన్నమాట.

గ్రహాన్ని ఎలా కేటాయించారన్నది ఇంకో ముచ్చట. వాళ్ళు వాడిన వరస శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర. ఎక్కడో విన్నట్టు లేదూ? పంచాంగంలో హోరలు చూసుకునే వరసే ఇది, నిదానంగా నడిచే గ్రహం నుంచి చురుగ్గా నడిచే గ్రహం దాకా. మేషం మొదటి ద్రేక్కాణానికి కుజుణ్ణి పెట్టి ఈ వరస తిప్పుకుంటూ పోతే తుల మధ్య భాగానికి శని వస్తాడు. ఇక మన పరాశర పద్ధతి పూర్తిగా వేరు. మొదటి ద్రేక్కాణం ఆ రాశి అధిపతిది, రెండోది అక్కణ్ణుంచి అయిదో రాశి అధిపతిది, మూడోది తొమ్మిదో రాశి అధిపతిది. తులకు అయిదోది కుంభం. కుంభాధిపతి? శనే! రెండు వేర్వేరు దారుల్లో నడిచి ఇద్దరూ ఒకే గుమ్మం ముందు ఆగారు.

కాగితం పెట్టుకుని 36 ద్రేక్కాణాలూ సరిచూశాను. రెండు పద్ధతులూ తొమ్మిదింట కలిశాయి, మిగతా 27 చోట్ల ఎవరి దారి వారిదే. వాళ్ళు సాయన రాశిచక్రం వాడతారు, మనం నిరయనం. ఇప్పుడు రెంటికీ దాదాపు 24 భాగల తేడా ఉంది. అంటే వాళ్ళ తుల నడిమి భాగం ఆకాశంలో మన కన్యలోకి వస్తుంది. కాబట్టి రెండూ ఒకటేనని నేననడం లేదు. కానీ ఈ పోలిక గాల్లోంచి ఊడిపడిందీ కాదు. దీని వెనక ఉన్న ప్రయాణం తెలిశాక నాకు నోట మాట రాలేదు.

ఆకాశాన్ని 36 ముక్కలు చేసే అలవాటు ఈజిప్టుది. క్రీస్తుకు పూర్వం 2100 ప్రాంతంలోనే శవపేటికల మూతల మీద ఈ నక్షత్ర గుంపుల పట్టికలు గీశారు, రాత్రివేళ గడియలు తెలుసుకోవడానికి. అక్కణ్ణుంచి గ్రీకుల జ్యోతిషంలోకి, అక్కణ్ణుంచి మన దేశానికి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో 36 ద్రేక్కాణాలకూ ఒక్కో రూపం వర్ణించాడు. మేషం మొదటి ద్రేక్కాణంలో నడుముకు తెల్లని గుడ్డ చుట్టుకున్న నల్లటి మనిషి, ఎర్రటి కళ్ళతో, చేతిలో గొడ్డలితో నిలబడి ఉంటాడు. ఈ రూపాల వర్ణన తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదు పండితుడు అబూ మాషర్ పుస్తకంలోకి చేరింది. అది లాటిన్‌లోకి వెళ్ళింది. 1470 ప్రాంతంలో ఇటలీలోని ఫెరారా నగరంలో స్కిఫనోయా అనే భవనం గోడల మీద ఈ రూపాలకు రంగులేశారు. మార్చి నెల గోడ మీద తెల్లని చింకిబట్టలతో ఒక నల్లటి మనిషి నిలబడి ఉన్నాడు. అతని పూర్వీకుడు వరాహమిహిరుడి శ్లోకంలో ఉన్నాడని 1912లో రోమ్ నగరంలో ఒక ప్రసంగంలో చెప్పి అబీ వార్బర్గ్ అనే జర్మన్ పండితుడు కళాచరిత్రను ఒక కుదుపు కుదిపాడు.

ఇంకో తమాషా. టారోకు తల్లి అయిన పేక ముక్కల ప్రస్తావన తొలిసారి కనిపించే పాత లెక్కల్లో 1442 నాటి ఫెరారా కొలువు పద్దులూ ఉన్నాయి. అదే ఊరు! గోడల మీద ద్రేక్కాణాలు, బల్లల మీద పేకముక్కలు. కానీ అప్పట్లో ఎవరూ రెంటినీ కలపలేదు. పేక పేకే, ఆటే. కలిపినవాళ్ళు 1888లో లండన్‌లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం వాళ్ళు. వెయిట్, పమేలా స్మిత్ ఇద్దరూ ఆ సంఘంలో మెలిగినవాళ్ళే.

ఇప్పుడు అసలు కిటుకు, కబాలా. యూదుల కబాలా లోతైన మత సంప్రదాయం. లండన్ వాళ్ళు అందులోంచి ఒక చెట్టు తీసుకుని తమకు కావలసినట్టు మలచుకున్నారు. పది గోళాల జీవవృక్షం అది. ఒక్కో గోళం ఒక సెఫిరా. సృష్టి పైనున్న ఒకటో గోళంలో మొదలై మెట్టుమెట్టుగా పదో గోళానికి, అంటే ఈ మట్టికి, దిగుతుంది. కార్డు మీది అంకె ఏ గోళమో చెబుతుంది. రెండు ఖోఖ్మా: ఉరకలేసే శక్తి, ఇంకా ఆకారం లేనిది. మూడు బినా: ఆ శక్తికి హద్దు గీసి రూపమిచ్చే తల్లి. బినా అంటే గ్రహింపు. ఆమె రంగు నలుపు. ఆమె గ్రహం ఏదో ఊహించండి.

శని!

నల్లబట్ట, నల్లనువ్వులు తెలిసిన ప్రాణం నాది. ఆ గోళం పక్కన శని పేరు చూసి గట్టిగా అరిచాను. అంటే ఈ కార్డులో శని మూడుసార్లున్నాడు. అంకె చెప్పే గోళం శనిది, ద్రేక్కాణం శనిది, రాశి శనికి ఉచ్ఛస్థానం. చిరునామాలో ఇంటి నంబరు, వీధి, ఊరు మూడూ ఒకే పేరు పలికినట్టు. డయాన్ ఫార్చూన్ 1935లో కబాలా మీద రాసిన పుస్తకంలో ప్రతి గోళానికీ ఒక ఆధ్యాత్మిక అనుభవం చెప్పింది. బినాకు ఆమె చెప్పింది శోక దర్శనం. కావాలంటే ఏడవమని దాని భావం కాదు. రూపమంటూ వచ్చిన ప్రతిదానికీ అంతం కూడా రాసిపెట్టి ఉంటుందని తల్లి ముందే ఎరగడం. బిడ్డను కన్న క్షణంలోనే తెలిసిపోయే సంగతి. అందుకే బినాను చేదు సముద్రం అని కూడా పిలుస్తారు.

గోల్డెన్ డాన్ వాళ్ళు ఈ కార్డుకిచ్చిన బిరుదు శోకాధిపతి. ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఉచ్ఛ శనికి దుఃఖాన్ని అంటగట్టి వాళ్ళు అతన్ని కించపరచలేదు, పీట వేశారు. నీచ శని ఇచ్చేది నస, భయం, ఆలస్యం. ఉచ్ఛ శని ఇచ్చేది తీర్పు. తుల చేతిలో త్రాసుంది, కత్తి వాయుతత్త్వం కాబట్టి ఆలోచన. ఇవన్నీ కలిపితే వచ్చే శోకం మామూలు ఏడుపు కాదు. మనకు మనం చెప్పుకున్న అబద్ధాలను తూకం వేసి కోసిపారేసే స్పష్టత అది. నొప్పి ఉంటుంది. ఉండాలి కూడా.

ఈ కళ్ళతో మళ్ళీ బొమ్మ చూశాను. గుండెలోంచి ఒక్క రక్తపుచుక్క కారడం లేదు! కత్తులు కసిగా పొడిచినట్టు అడ్డదిడ్డంగా లేవు. నడిమిది నిటారుగా నిలిచింది, పక్కవి రెండూ సరిసమానమైన కోణంలో వాలాయి. నా కళ్ళకు అది త్రాసులాగే ఉంది. అలిస్టర్ క్రౌలీ కోసం లేడీ ఫ్రీడా హారిస్ తర్వాత వేసిన థోత్ పేకలో గుండె ఉండదు. చీకటి ముంచుకొచ్చే చోట గులాబీని కత్తులు తాకుతాయి. పైన శని గుర్తు, కింద తుల గుర్తు బాహాటంగా ఉంటాయి. పమేలా కార్డు మీద ఆ గుర్తులేవీ లేవు. అంతా బొమ్మలోనే దాచుకుంది.

ఆ బొమ్మకూ ఒక తాతయ్య ఉన్నాడు. 15వ శతాబ్దం చివర ఇటలీలో చెక్కిన సోలా బుస్కా పేకలో కత్తుల మూడు తీయండి: గుండె, మూడు కత్తులు! ఆ పేక ఫొటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. రెండేళ్ళకే పమేలా తన బొమ్మ గీసింది, వాటిని ఆమె చూసే ఉంటుందని పరిశోధకులంటారు. బొమ్మ ఇటలీ నుంచి ఒక దారిన వచ్చింది, శని ఈజిప్టు, గ్రీసుల మీదుగా ఇంకో దారిన వచ్చాడు, బినా యూదుల చెట్టు దిగి వచ్చింది. ముగ్గురూ అరచేతిలో పట్టే అట్టముక్క మీద కలిశారు!

ఇది రేపటి సంగతి చెబుతుందా లేదా అని నన్నడక్కండి. ఆ లెక్క నాకక్కర్లేదు. అంకె, తత్త్వం, రాశి, గ్రహం నాలుగూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడే ఈ కట్టడం చాలు నాకు.

పైగా మిగతా మూళ్ళ వైపు చూపు పోయింది. కర్రల మూడు: మేషంలో రవి. ఉచ్ఛ! నాణేల మూడు: మకరంలో కుజుడు. ఉచ్ఛ! అందులో ఒక శిల్పి చర్చి కమాను కింద పని చేస్తుంటాడు. నాలుగింటిలో మూడు ఉచ్ఛలు. పాత్రల మూడు ఒక్కటే కర్కాటకంలో బుధుడు, ఉచ్ఛ కాదు సరికదా శత్రుక్షేత్రం. అయినా ఆ కార్డులో ముగ్గురు ఆడవాళ్ళు పాత్రలు పైకెత్తి పండగ చేసుకుంటున్నారు. ఎందుకంత సంబరం? శత్రువు ఇంట్లో బుధుడికి విందేమిటి? మీకు తెలిస్తే వెంటనే చెప్పండి. ఈసారి దాచారంటే ఊరుకోను.