ఐఎస్ఐ కాకపోతే

2023 సెప్టెంబర్ 10, ఆదివారం

ఇవాళ సి.ఆర్. రావుగారి పుట్టినరోజు. ఉండి ఉంటే నూటమూడు నిండేవి. పోయిన నెలలోనే పోయారు. అప్పుడు పేపర్లో పడిన ఫొటో కత్తిరించి పాప తన బల్ల ముందు గోడకి అంటించుకుంది. వాళ్ల క్లాసు పిల్లల గదుల్లో ఎవరెవరి బొమ్మలుంటాయో గానీ, మా ఇంట్లో మాత్రం తెల్లజుట్టు స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్.

పాప సీనియర్ ఇంటర్‌కి వచ్చింది. కోల్‌కతా బరానగర్‌లో ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ (ఐఎస్ఐ)లో బీస్టాట్ చదవాలని తొమ్మిదో తరగతి నుంచీ ఒకటే పట్టు. 1931లో మహలనోబిస్ పెట్టిన సంస్థ. రావుగారు నలభై ఏళ్లు పనిచేసింది అక్కడే. బీస్టాట్ 1960లో మొదలైంది. ఫీజు లేదు, పైగా నెలకి 5 వేలు వాళ్లే ఇస్తారు. దేశం మొత్తం మీద తీసుకునేది కొద్దిమందినే.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. పాప లేనప్పుడు మెల్లగా అడిగాడు: "అక్కా, అది రాకపోతే? చేతిలో ఇంకోటి ఉండాలి కదా."

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. ఆ ఇంకోటి ఏంటో వెతకాలి.

2023 అక్టోబర్ 21, శనివారం

దసరాకి కాలేజీ వాళ్లు నాలుగు రోజులు వదిలారు. పాప పాత పెళ్లికార్డు ఒకటి తీసుకుని మూడు గడుల ముక్కలుగా, మడత పెట్టిన మోచేయి ఆకారంలో కత్తిరించింది. హాల్లో నేల మీద చదరంగం పలక గీసి, అరవైనాలుగు గడుల్లో నీ ఇష్టం వచ్చిన గడి మీద శనగ గింజ పెట్టమ్మా అంది. పెట్టాను. "ఆ ఒక్క గడీ వదిలేసి మిగతాదంతా ఈ ముక్కలతో నింపాలి. ఎక్కడా ఖాళీ ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి పడకూడదు."

వంట పక్కన పెట్టి కూర్చున్నాను. ఎలా పేర్చినా చివర్లో మూడు గడులు విడివిడిగా మిగిలిపోతున్నాయి.

పాప పలకని సుద్దముక్కతో నాలుగు భాగాలు చేసింది. గింజ ఒక భాగంలో ఉంది. సరిగ్గా నడిమధ్యలో ఒక ముక్క పెట్టింది, మిగతా మూడు భాగాల్లోనూ ఒక్కో మూల గడి మూసుకుపోయేట్టు. "ఇప్పుడు చూడు, నాలుగిట్లోనూ ఒక్కో గడి పోయినట్టే కదా. ప్రతి దాన్నీ మళ్లీ నాలుగు చెయ్యి. చివరికి రెండు బై రెండు మిగులుతుంది. అందులో ఒక గడి పోతే మిగిలేది ఈ ముక్కే." ఎనిమిది గడుల పలక అయినా, పదహారైనా, వెయ్యి ఇరవైనాలుగైనా ఇదే మాట, ఇంక కొత్తగా ఆలోచించక్కర్లేదట.

ఆ మాట చెప్తున్నప్పుడు దాని మొహం చూడాలి. ఎంసెట్‌లో నూటఎనభై నిమిషాల్లో నూటఅరవై ప్రశ్నలు చేయాలి. దానికోసం కాలేజీలో రోజూ గడియారం పెట్టి తోముతున్నారు. ఐఎస్ఐ పరీక్షలో మధ్యాహ్నం పేపరు రెండు గంటలు, ఎనిమిదే లెక్కలు, ఎందుకో ఏమిటో పూర్తిగా రాసి చూపించాలి. పొద్దుటి పేపర్లో ముప్ఫై బిట్లు: ఒప్పుకి నాలుగు, తప్పుకి సున్నా, తెలియదని వదిలేస్తే ఒక మార్కు. తెలియనిది వదిలేసిన పిల్లకి మార్కు ఇచ్చే పరీక్ష నేనైతే ఎక్కడా చూడలేదు. నాకు ఆ సంస్థ మీద గౌరవం కలిగింది అక్కడే.

2023 నవంబర్ 30, గురువారం

అసెంబ్లీ ఓట్లు. పొద్దున్నే వేసి వచ్చాం. సెలవు దొరికింది కాబట్టి పాపని కూర్చోబెట్టాను.

"కోల్‌కతా పక్కన పెట్టు, పేరు పక్కన పెట్టు, గోడ మీద ఫొటో కూడా పక్కన పెట్టు. లోపల ఏముందని వెళ్దామనుకుంటున్నావు?"

చాలాసేపు ఆలోచించి క్యాలెండర్ కాగితం వెనక రాసింది. మొదటి ఏడాది నుంచే నిరూపణలు ఉండాలి. చెప్పేవాళ్లు సొంతంగా పరిశోధన చేస్తున్నవాళ్లై ఉండాలి. చేయెత్తి అడిగితే వినపడేంత చిన్న క్లాసు. సంభావ్యత లోతుగా ఉండాలి. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో: నాన్న అప్పు చేయక్కర్లేనిది.

ఆ చివరి లైను చూసి మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు.

ర్యాంకుల పట్టికలు తిరగేయడం ఇంక మానేశాం. పట్టికలో తర్వాతి పేరేదో దొరుకుతుంది గానీ, మా కాగితంలో ఉన్న ఐదింటిలో దానికి ఎన్ని ఉన్నాయో పట్టిక చెప్పదు.

కాగితం పట్టుకుని చూస్తే మొట్టమొదటిది ఆ ఇంట్లోనే దొరికింది. ఐఎస్ఐ బెంగళూరు కేంద్రంలో బీమ్యాథ్. పరీక్ష అదే, పేపరు అదే. స్టాటిస్టిక్స్ పాలు తక్కువ, శుద్ధ గణితం పాలు ఎక్కువ. కానీ ఆ పరీక్ష పోతే రెండూ పోతాయి, అందుకని దాన్ని ఇంకోటి కింద లెక్కేయలేదు.

అసలైన పోలిక చెన్నైలో ఉంది. సిరుసేరిలో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, సీఎంఐ. శేషాద్రిగారు 1989లో మొదలుపెట్టారు. గణితం, కంప్యూటర్ సైన్స్ కలిపి బీఎస్సీ 1998 నుంచి ఉంది. వాళ్ల ప్రవేశ పరీక్ష వేరు, అందులోనూ రాసి చూపించాల్సిన లెక్కలుంటాయి. మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ హాస్కెల్‌తో నేర్పుతారట, మూడో ఏడాది తర్వాత కొందరు పారిస్‌లో ఎకోల్ నార్మాల్‌కి వెళ్లొస్తారట. పాప కళ్లు అక్కడ ఆగాయి. ఫీజు మాత్రం ఉంది. మాఫీ కొందరికే.

2023 డిసెంబర్ 17, ఆదివారం

గచ్చిబౌలి వెళ్లాం, సెంట్రల్ యూనివర్సిటీ చూడ్డానికి. మా నాచారం నుంచి రెండు బస్సులు. ఇంత దగ్గర్లో ఉన్నది కదా అని ఇన్నాళ్లూ లెక్కలోకే తీసుకోలేదు ఎవరం. ఇంటర్ తర్వాత అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, గణితశాస్త్రాలు. సీయూఈటీ రాయాలి. రావుగారి పేరుతో పెట్టిన గణిత, గణాంక పరిశోధన సంస్థ ఆ ఆవరణలోనే ఉంది. పాప బోర్డు దగ్గర నిలబడి ఫొటో తీయించుకుంది.

బండరాళ్ల మధ్య ఒక ఎమ్మెస్సీ అమ్మాయి కూర్చుని చదువుకుంటోంది. పాప వెళ్లి పలకరించింది, నేను దూరంగా నిలబడ్డాను. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ అమ్మాయి చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది. వేసవిలో నాలుగు వారాలు ఎమ్‌టీటీఎస్ అని ఒక శిక్షణ ఉంటుందట, 1993 నుంచి నడుస్తోంది. ఇక్కడ పనిచేసిన కుమరేశన్‌గారు దాన్ని నిలబెట్టారు. ఏ ఊరి డిగ్రీ కాలేజీ పిల్లలైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. తాను మామూలు డిగ్రీ కాలేజీ నుంచి వచ్చిందట. లెక్క అడిగితే జవాబు చెప్పకుండా, ఇంకా ఇంకా ప్రశ్నలు వేసి మనచేతే చెప్పిస్తారని చెప్పింది.

అంటే మా జాబితాలో చిట్టచివర ఉన్న పేరు, డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో పెట్టుకునే మ్యాథ్స్ స్టాటిస్టిక్స్ డిగ్రీ, దానికి కూడా ఒక దారి ఉంది. పాప ఇన్నాళ్లూ దాన్ని శిక్షలా చూసింది. తిరిగొస్తూ బస్సులో, "అదైనా పర్లేదమ్మా" అంది. నేను ఇన్నాళ్లూ వినాలనుకున్న మాట అది. చిట్టచివరి దానికి కూడా పిల్ల మనసు ఒప్పుకోకపోతే మిగతా జాబితా అంతా రాసి ఏం లాభం?

2024 జనవరి 16, మంగళవారం, విజయనగరం

కనుమ. మా నాన్నకి ఎనభై దాటాయి, వాల్తేరులో చదువుకున్న రోజులు మాత్రం నిన్నటివి. పాప ఫొటో సంగతి చెప్పగానే కుర్చీ ముందుకి జరిగింది.

"మీ రావుగారు ఐఎస్ఐ కోసం కలకత్తా వెళ్లారనుకుంటున్నావా? కాదమ్మా" అన్నారు. 1940లో ఆంధ్రా యూనివర్సిటీలో గణితంలో ఎమ్మే, మొదటి ర్యాంకు. ఇక్కడ పరిశోధనకి దారి దొరకలేదు. యుద్ధం రోజులు. సైన్యం వారి సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. దిగిన హోటల్లో ఇంకొకాయన కలిశాడు, ఐఎస్ఐలో శిక్షణ తీసుకుంటున్నవాడు. ఆయన వెంట చూడ్డానికి వెళ్లి, 1941 జనవరి 1న అక్కడే చేరారు. నాలుగేళ్లకి క్రామర్-రావు సూత్రం.

పాప నోరు తెరుచుకుని వింది. "అయితే తాతయ్యా, ఆయనకి ఐఎస్ఐయే ఇంకోటా!"

"ఆఁ మరి."

ఇంకొకటి కూడా చెప్పారు. 2007లో ఆబెల్ బహుమతి అందుకున్న వరదన్ డిగ్రీ చదివింది మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో. ఐఎస్ఐకి పరిశోధనకి వెళ్లారు. ఇప్పటికీ డిగ్రీ అయ్యాక ఎంస్టాట్ ప్రవేశ పరీక్ష ఉంది. పద్దెనిమిదేళ్లకి ఒకసారి తలుపు మూస్తే మళ్లీ తెరుచుకోదని ఎవరు చెప్పారు పిల్లలకి? మనమే చెప్పాం, రోజూ చెప్తున్నాం, ఫ్లెక్సీల మీద ర్యాంకులు అచ్చేసి మరీ చెప్తున్నాం.

2024 ఫిబ్రవరి 18, ఆదివారం

తమ్ముడితో గట్టిగానే మాటలయ్యాయి. వాడి మాట వాడిది: ఎంసెట్‌లో మంచి కాలేజీలో సీఎస్ఈ వస్తుంది, లెక్కలు పక్కన చదువుకోవచ్చు, నాలుగేళ్లకి ఉద్యోగం. వాడు అలాగే పైకొచ్చాడు, మా ఇంటి అప్పులు తీర్చింది ఆ ఉద్యోగమే. వాడి దగ్గర ఆ సంగతి నేను మర్చిపోను.

కానీ క్యాలెండర్ కాగితం తెచ్చి వాడి ముందు పెట్టాను. ఐదింటిలో ఆ సీటుకి ఏవి ఉన్నాయో టిక్కు పెట్టమన్నాను. పెన్ను పట్టుకుని కూర్చున్నాడు గానీ పెట్టలేకపోయాడు. ఎంసెట్ రాయనిద్దాం, రాస్తే పోయేదేం లేదు. వెబ్ ఆప్షన్లు మాత్రం పాప అడిగితేనే పెడతాం. మా జాబితాలో ఐసర్లు, కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలు, కూడా ఉన్నాయి. వాడు వెళ్తూ పాప తల నిమిరి, "ఐసర్ పరీక్ష ఫీజు నేను కడతా" అని వెళ్లాడు.

2024 ఏప్రిల్ 28, ఆదివారం

ఇంటర్ ఫలితాలు వచ్చాయి, బాగానే ఉన్నాయి. మీసేవ చుట్టూ తిరుగుతున్నాను. కేంద్ర సంస్థలకి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వాళ్ల నమూనాలోనే కావాలి, అదీ ఈ ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది కావాలి.

ఇంట్లో జీవశాస్త్రం నడుస్తోంది. ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్టులో అరవై ప్రశ్నలు: గణితం, భౌతికం, రసాయనం, జీవశాస్త్రం తలా పదిహేను. ఎంపీసీ పిల్ల పదో తరగతి తర్వాత జీవశాస్త్రం పుస్తకం తెరిచి ఎరగదు. ఎదురింటి బైపీసీ అబ్బాయి కణవిభజన చెప్తుంటే, దానికి బదులుగా పాప వాడికి భౌతికం చెప్తోంది. ఈ ఒక్క పరీక్షతో ఏడు ఐసర్లూ, బెంగళూరు ఐఐఎస్సీ నాలుగేళ్ల కోర్సూ అందుబాటులో ఉంటాయి. అందులో తిరుపతి ఐసర్ మనకి దగ్గర, ఏర్పేడు పక్కన. మొదట్లో నాలుగు సబ్జెక్టులూ చదివించి తర్వాత ఎంచుకోనిస్తారు. పాపకి అది కొంచెం ఇబ్బంది, నాకు మాత్రం కొంచెం ధైర్యం. పదిహేడేళ్లకే ఒకదాన్ని తప్ప చూడనని భీష్మించుకున్న పిల్ల ఇంకో మూడింటిని ఏడాదిపాటు చూస్తే నష్టం లేదు.

2024 మే 12, ఆదివారం

ఐఎస్ఐ పరీక్ష. రేపు ఓట్లు, ఊరంతా ఆంధ్రా బస్సుల్లోనే ఉన్నట్టుంది. ఎల్బీనగర్ దాటడం గగనమైందట. మేం ముందే బయల్దేరాం కాబట్టి ఇబ్బంది పడలేదు.

సెంటర్ బయట వేపచెట్టు కింద తల్లిదండ్రులు పదిమంది కూడా లేరు. ఎంసెట్‌కి కాలు పెట్టే చోటుండదు. నల్లగొండ నుంచి వచ్చిన ఒకాయన, ఆటో నడుపుతాడట, "ఫీజు లేదన్నరు మేడం, అందుకే తోల్కొచ్చిన" అన్నాడు. సీఎంఐ గురించి, ఎమ్‌టీటీఎస్ గురించి, హైదరాబాద్ యూనివర్సిటీ గురించి ఆయనకి ఎవరూ చెప్పలేదు. నా బ్యాగులో ఉన్న కాగితం మీద అన్నీ రాసి ఇచ్చాను. వాళ్లబ్బాయి కాలేజీలో ఇంగ్లీషులో ఇరవై పేజీల బ్రోచర్ ఇచ్చారట, అందులో ఇవేవీ లేవు.

నాలుగింటికి పాప బయటికొచ్చింది. ఏడో లెక్క దగ్గర ముప్పావుగంట పోయిందట. "కానీ చాలా బాగుందమ్మా ఆ లెక్క." ఇంటికొచ్చాక కూడా అదే చేస్తూ కూర్చుంది.

2024 జూలై 14, ఆదివారం

ఐఎస్ఐ ఇంటర్వ్యూ జాబితాలో పాప పేరు రాలేదు. బీస్టాట్‌లో లేదు, బీమ్యాథ్‌లో లేదు. అది జూన్ సంగతి, అప్పుడు రాయలేకపోయాను. రెండు రోజులు సరిగ్గా తినలేదు పిల్ల. పర్లేదు అని నేను అనలేదు, పర్లేకుండా ఎలా ఉంటుంది?

సీఎంఐ వచ్చింది. తిరుపతి ఐసర్ కూడా వచ్చింది. పాత క్యాలెండర్ కాగితం తీసి ఎదురెదురుగా పెట్టుకున్నాం. సీఎంఐకి నాలుగు టిక్కులు పడ్డాయి. ఐదోది వచ్చేసరికి, కింద ఉన్న ఆ చిన్న అక్షరాల లైనుని మా ఆయన తన పెన్నుతో కొట్టేసి, "ఇది నా సబ్జెక్టు, నీది కాదు" అన్నారు. ఫీజు మాఫీకి దరఖాస్తు పెట్టాం. రాకపోతే విద్యారుణానికి నేను మా బ్యాంకులోనే మాట్లాడి ఉంచాను.

పాప తాను చేరబోయే కోర్సులో సీనియర్ ఒకమ్మాయితో ఫోన్లో మాట్లాడింది. హాస్టల్ గురించి నేను అడగమన్న ప్రశ్నలు ఒక్కటీ అడగలేదు. రియల్ అనాలిసిస్ ఏ పుస్తకంలోంచి చెప్తారో అరగంట అడిగింది.

తిరుపతి సీటు వదులుకుంటున్నట్టు రాయడానికి ఇంకా గడువుంది, చూద్దాంలే అంది. కుదరదన్నాను. వెయిటింగ్‌లో ఎవరి పిల్లో రోజూ వెబ్‌సైట్ తెరిచి చూసుకుంటూ ఉంటుంది. ఇప్పుడే కూర్చోబెట్టి, రాయించి, సబ్మిట్ నొక్కించాను.