అమ్మకు పరుపు

పరుపు మీద కూడా వ్యాసం రాస్తారా అని తమ్ముళ్లు నవ్వుకోవచ్చు. మన హాస్టల్లో ఐదేళ్లు జంపఖానా మీద పడుకున్నవాణ్ణి కాబట్టి రాసే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను. చలికాలంలో గచ్చు జివ్వుమంటుంటే ఇద్దరిద్దరం కలిసి రెండు జంపఖానాలు ఒకదాని మీద ఒకటి పరుచుకునేవాళ్లం. ఇంటికి పోతే అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత. పరుపంటే పెళ్లిలో వచ్చే వస్తువని, మనంతట మనం కొనేది కాదని చాలాకాలం అనుకున్నాను.

2024 దసరా తర్వాత పత్తి ఏరుడు మొదలయ్యాక అమ్మకు నడుం పట్టేసింది. పొద్దంతా ఒడి కట్టుకుని వంగి ఏరడం, రాత్రి కింద పడుకోవడం. హుజూరాబాద్‌లో చూపిస్తే డాక్టరు గారు మాత్రలు రాసి, మరీ మెత్తగా లేని పరుపు వాడమన్నారు.

మాది మెయిన్ రోడ్డుకు లోపలగా ఉన్న ఊరు. ఫోనులో పరుపు ఎంచుకుని మా పిన్‌కోడ్ కొడితే అక్కడికి పంపలేమని వచ్చింది. కరీంనగర్‌లో ఒక దుకాణంలో ఫోము పరుపు 6,500 అన్నారు. ఊరికి చేర్చడానికి ఆటోకు మరో 900. ఫోముకు సాంద్రత అని ఒక లెక్క ఉంటుంది, ఘనపు మీటరుకు ఇన్ని కిలోలని. అది తక్కువైతే పరుపు తొందరగా గుంట పడుతుంది. ఎంత అని అడిగితే ఆ అబ్బాయి "మంచిగ మెత్తగుంటది సార్" అన్నాడే తప్ప లెక్క చెప్పలేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "జమ్మికుంటను పక్కన పెట్టుకొని కరీంనగర్ల పరుపు కొంటవా కొడుకా?" అంది.

నిజమే. పత్తి మార్కెట్ ఉన్న జమ్మికుంట మనకు కూతవేటు దూరం. అక్కడ జిన్నింగు అయిన దూది కిలో 180 చొప్పున 12 కిలోలు తెచ్చాను. గింజ పత్తి పనికిరాదు, ఏకే మిషన్ గింజను తీయదు.

సంక్రాంతి దాటాక దూదేకుల తాత ఆటోలో మిషన్ పెట్టుకుని మా ఊరు వచ్చాడు. ఒకప్పుడు ఆయన భుజాన పెద్ద విల్లు ఉండేది. దాని తీగను కొడుతుంటే వాడంతా వినిపించేది. గాంధీ గారు ఖద్దరు పని మొదలుపెట్టిన రోజుల్లో దూదేకే మనిషి నెలకు 35 రూపాయలు అడిగాడని, అయినా అది ఎక్కువ అనిపించలేదని ఆత్మకథలో రాశారు. తాతకు ఆ సంగతి చెబితే, "నాకు గంత ఎవలిచ్చిండ్రు బిడ్డా" అని నవ్వాడు.

కుట్టు దగ్గరదగ్గరగా వేయమన్నాను. లేకపోతే దూది ఒక పక్కకు జారుతుంది. "ఫోముది గుంట పడితె పారేసుడే. ఇది గట్టిపడితె మళ్ల ఏకిస్త, దూది గదే" అన్నాడు తాత. గుడ్డ 600, కూలి 700. మొత్తం 3,460 అయింది.

ఆ రాత్రి ఊరికే లెక్క వేశాను. 100 కిలోల పత్తిలో దూది 33, 34 కిలోలే. మిగిలింది చాలావరకు గింజే. అంటే 12 కిలోల దూదికి 36 కిలోల పత్తి కావాలి. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు 7,521 కాబట్టి రైతుకు దాని మీద 2,700 చిల్లర వస్తుంది. అమ్మ మంచి రోజున 40 కిలోలు ఏరుతుంది, కిలోకు 10 రూపాయల కూలి. ఆమె పరుపులోని పత్తి ఆమెకు ఒక్క రోజు పని, 360 రూపాయలు. ముప్పై ఏళ్లుగా ఏరుతోంది.

ఈ లెక్క చెబితే "గంతేనా?" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మాసిపోతుందని వారం రోజులు పరుపు మీద బొంత పరుచుకునే పడుకుంది. నొప్పి పూర్తిగా పోలేదు గాని, పొద్దున గోడ పట్టుకోకుండా లేస్తోంది. మా వాడలో మరో ఇద్దరు తాత ఫోన్ నంబరు తీసుకున్నారు. వానాకాలం మాత్రం కుట్టించుకోవద్దని, దూది చెమ్మ పడుతుందని అమ్మే వాళ్లకు చెబుతోంది.