ఎడారిలో గురి

అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ముఖ్యపట్టణం ఫీనిక్సు. అక్కడినుంచి పదిహేడో నంబరు రహదారి మీద ఉత్తరంగా కొంతదూరం పోతే కేర్‌ఫ్రీ హైవే అనే దారి తగులుతుంది. తెలుగులో చెప్పుకుంటే నిశ్చింతమార్గం. ఆ పేరు విన్నవారు అక్కడ ఏ ఆశ్రమమో, ఏ ధ్యానమందిరమో ఉన్నదనుకుంటారు. తీరా చూస్తే అక్కడున్నది తుపాకులు కాల్చే మైదానం!

దాని పేరు బెన్ ఏవరీ షూటింగ్ ఫెసిలిటీ. బెన్ ఏవరీ అంటే ఏ సేనాపతో అనుకునేరు. 'అరిజోనా రిపబ్లిక్' పత్రికలో పనిచేసిన విలేఖరి ఆయన. కలం పట్టిన మనిషి పేరు తుపాకుల మైదానానికి పెట్టారని వినగానే, జీవితంలో సుద్దముక్క తప్ప మరో ఆయుధం పట్టని నాకు కాస్త ధైర్యం వచ్చింది. మైదానం విస్తీర్ణం సుమారు 1,650 ఎకరాలు. నడిపేది ఏ వ్యాపారస్థుడూ కాదు, రాష్ట్రప్రభుత్వంలో వేటనూ, చేపలనూ చూసే శాఖ.

2023 వేసవి సెలవులకు మా అక్కగారింటికి వెళ్ళాను. మా బావగారు పాతికేళ్ళుగా అక్కడే ఉంటున్నారు, ఆ దేశపు పౌరులు. యాభయ్యారేళ్ళు వచ్చాక ఆయనకు తుపాకి పోటీల మీద సరదా పుట్టింది. రెండేళ్ళపాటు ఒక మిత్రుడి పిస్తోలుతో సాధన చేశారు. పిస్తోలు పట్టి చేయి చాచితే మణికట్టు వణుకుతున్నది, గొట్టం చివరనున్న గురికాయ కళ్ళకు ఆనడం లేదు. 'కార్బైను అయితే భుజానికి ఆనించుకోవచ్చునోయ్, అద్దంలో ఎర్రచుక్క కనిపిస్తుంది, దాన్ని గురి మీద పెడితే చాలు' అని ఆయన వాదన. అటువంటిదొకటి కొనాలని ఆయన పట్టు. ఇంట్లోకి రానివ్వనని అక్క పట్టు.

అక్కది ఉత్త భయం కాదు. పేపర్లో చదివి లెక్క గుర్తు పెట్టుకున్నది. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల చనిపోయినవారు 48,830 మంది. అందులో సగానికి పైగా, 26,328 మంది, తమను తామే కాల్చుకున్నవారు. "దొంగల సంగతి తరువాత. ఇంట్లో మనుషుల సంగతి చెప్పండి. మన మనవరాలికి నాలుగేళ్ళు. వచ్చినప్పుడల్లా ఈ ఇంట్లో అది లాగని సొరుగు లేదు" అన్నది. బావగారు మాట్లాడలేదు.

ఇక అక్క నావైపు తిరిగి, "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఇరవయ్యేళ్ళుగా పేపర్లు దిద్దుతున్నవాడివి. ఆయనతో వెళ్ళు. ఆ తుపాకికీ, ఆయనకీ ఇద్దరికీ మార్కులు వేసి పట్టుకురా. బావగారు గదా అని మొహమాటపడకు" అని తీర్పు చెప్పింది. ఆ విధంగా ఒక నోటుపుస్తకం, పెన్సిలు చేతబట్టుకుని నేను పరీక్షాధికారినై బయలుదేరాను.

మే నెల. ఫీనిక్సు ఎండ బెజవాడ ఎండకు అన్నగారు. కాని చెమట పట్టదు, పట్టినా నిలవదు. అంత పొడిగాలి. అందుకని ఉదయం ఏడుగంటలకే చేరుకున్నాము. దారి పొడుగునా సగ్వారో జెముళ్ళు, మనిషి చేతులెత్తి నిలబడినట్లు. వాటికి ఒక చెయ్యి మొలవాలంటేనే సామాన్యంగా యాభై, డెబ్బై ఏళ్ళు కావాలట. వాటి తెల్లని పూలు రాత్రి విచ్చి మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి. ఆ రాష్ట్రానికి అదే అధికారపుష్పం. అంత ప్రశాంతతలో ఒక్కసారిగా 'ఢాం' అన్నది. కొండ ఆ మాటనే మళ్ళీ చెప్పింది.

పాఠకుల కోసం కార్బైను అంటే ఏమిటో రెండు ముక్కలు. పూర్వం గుర్రపు రౌతులకు పొడుగు తుపాకులు అడ్డు వచ్చేవి. వారికోసం చేసిన పొట్టి తుపాకి కార్బైను. మేము పరీక్షించబోయేది అందులోనూ ఒక ప్రత్యేకమైన జాతి. ఒళ్ళు రైఫిలుది, తూటా పిస్తోలుది. ఈ ఊహ కొత్తదేమీ కాదు. 1873లో వచ్చిన వించెస్టరు రైఫిలు తూటాయే పట్టేట్టు కొన్నేళ్ళకు కోల్టు కంపెనీ రివాల్వరు కూడా తయారుచేసింది. ఎడారిలో తిరిగేవాడికి రెండు ఆయుధాలకూ ఒకే తూటాల సంచి సరిపోయేది.

బావగారి మిత్రుడు, రిటైరైన వడ్రంగి ఒకాయన, పరీక్ష కోసం తన కార్బైను తెచ్చాడు. 2017 చివర విడుదలైన రూగర్ కంపెనీవారి పీసీ కార్బైను అది. బరువు మూడు కిలోల పైచిలుకు. గొట్టం పొడుగు పదహారు అంగుళాలకు వెంట్రుకవాసి ఎక్కువ. ఆ వెంట్రుకవాసిలోనే చట్టమున్నది. గొట్టం పదహారు అంగుళాలకు తగ్గితే 1934 నాటి శాసనం ప్రకారం ప్రత్యేకంగా రిజిస్టరు చేయించుకోవాలి. దీన్ని మధ్యలో తిప్పితే రెండు ముక్కలుగా ఊడి వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

తూటాలుండే పెట్టెను వాళ్ళు మాగజైను అంటారు. మీరు చదివే ఇటువంటి పత్రికనూ మాగజైను అనే అంటారు. రెండింటికీ మూలం గిడ్డంగి అనే అర్థమున్న అరబ్బీమాట. ఒకదానిలో గుళ్ళు, మరొకదానిలో కథలు!

నేను తుపాకి ముట్టలేదు. సందర్శకుడి వీసా మీద వచ్చినవాడు, వేటలైసెన్సు వంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప, తుపాకి చేతపట్టడం ఆ దేశపు చట్టానికి విరుద్ధం. చెవులకు డిప్పలు, కళ్ళకు అద్దాలు తగిలించుకుని వెనుక కుర్చీలో కూర్చున్నాను.

మొదటి ప్రశ్న: ఒకచోట గురిపెడితే అక్కడే తగులుతుందా? తూటాలు మూడు రకాలు తెచ్చారు. గుండు బరువును అక్కడ 'గ్రెయిన్ల'లో చెబుతారు. గ్రెయిన్ అంటే ధాన్యపు గింజే, మన కంసాలి గురివిందగింజతో తూచినట్లు. 115, 124, 147 గ్రెయిన్లు. లెక్క కట్టి చూస్తే 124 గ్రెయిన్లంటే ఎనిమిది గ్రాములు, సరిగ్గా కాసు బంగారం ఎత్తు! ఆడపిల్ల మెడలో వేసే కాసెత్తు బరువు ఒక ప్రాణానికి చాలునన్న సంగతి ఆ కాగితం మీద అంకె వేస్తుంటే నాకు తెలిసివచ్చింది. పెన్సిలు కాసేపు కదలలేదు.

ఇరవయ్యైదు గజాల దూరాన ఇసుకసంచి మీద ఆనించి, రకానికి అయిదేసి గుళ్ళు కాల్చారు. 115 గ్రెయిన్లవి మూడంగుళాల మేర పడ్డాయి. 147వి రెండున్నర. 124వి రెండంగుళాల లోపు. అదే తూటా యాభై గజాలకు మూడున్నర అంగుళాలు. అంటే తుపాకికీ తూటాకీ జాతకాలు కుదరాలన్నమాట. రెండో ప్రశ్న: విడదీసి బిగిస్తే గురి చెదురుతుందా? మూడుసార్లు విడదీసి, బిగించి కాల్చారు. గుళ్ళగుంపు అంగుళం కూడా జరగలేదు. మూడో ప్రశ్న: నమ్మకంగా పనిచేస్తుందా? మొత్తం నూటయాభై తూటాలలో రెండుసార్లు అడ్డుపడింది. రెండుసార్లూ ఎవరో ఇంట్లో తిరిగి నింపిన చవకతూటాలే కారణం. కొత్త తూటాలతో ఒక్కసారీ ఆగలేదు.

నాలుగోది తన్ను. చిన్న తూటాయే గదా, భుజానికి తెలియదనుకుంటాము. కాని ఇటువంటి తుపాకుల్లో సామాన్యంగా తలుపు గడియపడదు, తన బరువుతోనూ స్ప్రింగు బలంతోనూ మూసుకుని ఉంటుంది. కాల్చగానే ఆ బరువంతా వెనక్కి వచ్చి కొడుతుంది. ఆ దెబ్బ తగ్గించడానికి ఇందులో లోపల టంగ్‌స్టన్ దిమ్మ ఒకటి పెట్టారు. "మీ అక్క మాటకన్న మెత్తగానే ఉన్నదోయ్" అన్నారు బావగారు. ఈ వాక్యం నేను నోటుపుస్తకంలో రాయలేదు.

అయిదోది కొత్తవారిని తికమక పెట్టేది. చూసే అద్దం గొట్టానికి పైన ఉంటుంది. అందుచేత ఇరవయ్యైదు గజాలకు సరిచేసిన తుపాకి అయిదు గజాల దగ్గర గురికన్న కిందుగా కొడుతుంది. దూరం తెలిసి గురి ఎత్తుకోవాలి.

ఇన్ని అంకెలు రాసుకున్నా, నా దృష్టి ఎక్కువగా నిలిచింది మరో దాని మీద. కొంతసేపటికొకసారి మైకులో అధికారి 'కాల్పులు ఆపండి' అంటాడు. వెంటనే అందరూ తూటాలు తీసేసి, తుపాకి ఖాళీగా ఉన్నట్లు అందులో రంగు ప్లాస్టిక్ జెండా గుచ్చి, బల్ల మీద పెట్టి, గీతకు వెనుకగా వచ్చి నిలబడాలి. గురికాగితాలు మార్చి మనుషులు తిరిగి వచ్చేదాకా ఎవరూ తుపాకిని ముట్టరాదు. కోటీశ్వరుడైనా, కుర్రవాడైనా అంతే. పరీక్షహాలులో గంటకొట్టాక కూడా పెన్ను విడవని శిష్యులను ఎరిగిన నాకు ఈ క్రమశిక్షణ చూసి అసూయ కలిగింది.

ఆ ఆదివారం బావగారు అదే కార్బైనుతో ఒక పోటీలో దిగారు. ప్రాక్టికల్ షూటింగ్ అంటారు దాన్ని. నిలబడిన చోట కాల్చడం కాదు, గోడల మధ్య పరుగెడుతూ కాల్చాలి. 1984లో ఏర్పడిన అమెరికా సంఘంవారు 2016లో ఈ కార్బైన్లకు వేరే తరగతి పెట్టారు. మార్కుల పద్ధతి నాకు ఎంతో నచ్చింది. అట్టబొమ్మ నడిమిగడిలో తగిలితే 5, పక్కగడిలో 3, అంచున 1. వచ్చిన మొత్తాన్ని పట్టిన సెకండ్లతో భాగిస్తారు. తొందరపడి తప్పినా నష్టమే, నిదానించి కూర్చున్నా నష్టమే.

అన్నిటినీ మించిన నియమం ఇంకొకటి. తుపాకి మూతి ఎప్పుడూ ఎదుటి మట్టికట్టవైపే ఉండాలి. పక్కగీత దాటి వెనుకకు తిరిగిందా, ఒక్క గుండూ పేలకపోయినా ఆ రోజుకు ఆట ముగిసినట్లే. పెట్టె సర్దుకుని ఇంటికి పోవలసిందే.

బావగారి వంతు వచ్చింది. బెల్లు మోగింది. బాగానే సాగుతున్నది. ఎడమవైపు గోడ చాటుకు పరుగెత్తవలసిన చోట ఆయన కాలు కంకరలో జారింది. ఒళ్ళు పక్కకు ఒరిగింది. అందరం ఊపిరి బిగబట్టాము. ఆయన ఆగిపోయారు. చేతులు మాత్రం తుపాకి మూతిని మట్టికట్టవైపే పట్టి ఉంచాయి. వేలు ట్రిగ్గరుకు దూరంగా చాచి ఉన్నది. కాళ్ళు కుదుట పరచుకుని, అప్పుడు కదిలారు. నాలుగు సెకండ్లు పోయాయి. పన్నెండు గుళ్ళకు తొమ్మిది నడుమ, మూడు పక్కన: 54 మార్కులు. కాలం 27 సెకండ్లు. ఫలితం 2. ఆ నాలుగు సెకండ్లు పోకపోతే 2.35 వచ్చేది. పట్టికలో ఆయన అట్టడుగున ఉన్నారు.

నా పట్టికలో మాత్రం ఆయనకు మొదటి తరగతి వేశాను.

తెలుగులో గురి అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి లక్ష్యం, రెండోది నమ్మకం. గురువు మీద గురి అంటాము, వైద్యుడి మీద గురి కుదిరింది అంటాము. తుపాకి కొనేవాడు సామాన్యంగా మొదటి గురినే కొలుస్తాడు: ఎన్ని అంగుళాలు, ఎన్ని గజాలు. అది కొలవవలసిందే. కాని ఇంటివారు అడిగేది రెండో గురి. కాలు జారిన క్షణాన ఈ చేతులు ఏమి చేస్తాయి? మైదానంలో గీత ఉన్నది, మైకు ఉన్నది, అధికారి ఉన్నాడు. ఇంట్లో వాటి స్థానంలో ఏమున్నది? కార్బైనుకు ఎన్ని మార్కులు వచ్చినా, ఈ ప్రశ్నకు జవాబు రాయకపోతే ఆ పేపరు తప్పినట్లే.

ఇంటికి రాగానే, సీసం అంటుకుంటుందని సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బావగారిని అక్క వంటింట్లోకి రానిచ్చింది. నా నోటుపుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివింది. కాసెత్తు గుండు దగ్గర కాసేపు ఆగింది. కాలుజారిన సంగతి రెండుసార్లు చదివింది.

తరువాత షరతులు చెప్పింది. గోడకు బోల్టులతో బిగించిన ఇనప్పెట్టె ముందు రావాలి, తుపాకి తరువాత. వచ్చిన తుపాకి ఎప్పుడూ రెండు ముక్కలుగానే ఆ పెట్టెలో ఉండాలి. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో. మనవరాలు ఉన్న రోజుల్లో పెట్టె తెరవరాదు. పెట్టె తాళమూ, దాని నంబరూ తనవద్దే ఉంటాయి. మైదానానికి వెళ్ళే ఉదయం తానే తీసి ఇస్తుంది.

బావగారు చిన్నబుచ్చుకుని, "తుపాకి నాది, తాళం నీదా?" అన్నారు.

"అంతేనండి. తాళి మీరు కట్టారు. తాళం నేను వేస్తాను" అన్నది అక్క.