పెట్టె బేరం

మోటారు కారుకూ నాకూ వున్న సంబంధం వెనక సీట్లో కూర్చోవడం వరకే. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. గురు లఘువులు తప్ప మరే యంత్రమూ నా చేతిలో ఆడి ఎరగదు. అటువంటి నేను ఒక పందెపు కారుకు ఏ ఇ.సి.యు. కొనాలో తేల్చవలసి వచ్చింది. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి తేల్చింది తప్పు. ఆ తప్పుకు ఒక ఇంజను ఆహుతి అయిపోయింది.

కారు మా బావగారిది. 2001 నాటి హోండా సిటీ, వీటెక్ ఇంజను. "నూట ఆరు హార్స్ పవరండీ!" అని ఇంటికి వచ్చిన ప్రతివారికీ, కాఫీ ఇచ్చేలోపలే చెప్పేసేవారు. ఆయన పోయాక మా చెల్లెలు బట్టలూ పుస్తకాలూ అన్నీ ఎవరెవరికో ఇచ్చేసింది గాని, నెల్లూరు ఇంటి వాకిట్లోంచి ఆ కారును మాత్రం కదలనివ్వలేదు.

కొడుకు ఇంజనీరింగు చదివి చెన్నైలో ఉద్యోగంలో చేరాడు. చేరిన ఏడాదికి, "నాన్న కారును రేసులకు తయారు చేసుకుంటానమ్మా" అన్నాడు. మా చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఒకే ఒక్క షరతు పెట్టింది: రోడ్డుమీద నడపకూడదు. చట్టం కూడా అదే అంటుంది. కంపెనీ చేసిన బండిని మన ఇష్టం వచ్చినట్లు మార్చి రోడ్డెక్కడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. అంచేత రిజిస్ట్రేషను రద్దు చేయించి, కారును లారీ మీద ఎక్కించి, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు తీసుకుపోయి అక్కడే నడపాలని నిర్ణయమైంది. ఆ ట్రాకు 1990లో వచ్చింది. అంతకుముందు పందేలు షోళవరంలో, యుద్ధకాలపు పాత విమానాల మైదానంలో జరిగేవి. బావగారు కుర్రతనంలో వెళ్ళి చూసివచ్చిన పందేలు అవే. పిచ్చి ఎక్కడినుంచి సంక్రమించిందో వేరే చెప్పనక్కరలేదు.

డబ్బు సర్దవలసినవాణ్ణి నేను. సర్దేవాడికి సలహా చెప్పే హక్కు కూడా వుంటుందని మన దేశంలో అందరికీ వున్న నమ్మకమే నాకూ వుంది.

మావాడు ముందుగా ఇంజనుకు టర్బో బిగించాడు. ఇంజను వదిలే వేడిపొగ బలంతోనే ఒక చక్రాన్ని తిప్పి, లోపలికి పోయే గాలిని కుక్కి కుక్కి పంపే సాధనమది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. ఎంత పెరగాలో, నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో నిర్ణయించేది ఇ.సి.యు. అనే చిన్న పెట్టె. నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనుకు సెకనుకు 200 రవ్వలు కావాలి. ఆ వేగంలో చుట్టులో ఒక్క డిగ్రీ అంటే సెకనులో ముప్ఫై అయిదువేలవ వంతు కాలమైనా వుండదు. కంపెనీవారి పెట్టె మామూలు గాలిని ఎరుగును గాని, ఈ కుక్కిన గాలిని ఎరగదు. అందుకని మరో పెట్టె కావాలన్నాడు.

దీనికి మూడు దారులున్నాయట. కంపెనీ పెట్టెలోని లెక్కలనే తిరగరాయడం ఒకటి. అది కొన్ని కార్లకే కుదురుతుంది. కంపెనీ పెట్టెను అలాగే వుంచి, దాని పక్కన ఇంకో చిన్న పెట్టె తగిలించడం రెండోది. దీన్ని పిగ్గీబ్యాక్ అంటారు. కంపెనీ పెట్టెను పూర్తిగా తీసేసి, స్వతంత్రంగా పనిచేసే పెట్టెను పెట్టడం మూడోది. ఖరీదు కూడా ఆ వరసనే పెరుగుతుంది.

"అన్నీ పెట్టెలే కదరా! చవకది కానీ" అన్నాను.

"అది కాదు మామయ్యా..." అని ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. పిగ్గీబ్యాక్ కొన్నాం.

అది చేసే పని ఏమిటో తరవాత తెలిసింది. అబద్ధమాడటం! గాలి ఒత్తిడిని కొలిచే సెన్సారు పంపే కబురును మధ్యలో పట్టుకుని, కొంచెం మార్చి కంపెనీ పెట్టెకు చెబుతుంది. అబద్ధాన్ని నేర్పుగా ఆడించగల వాడుంటే అదీ పని చేస్తుందట. మాకు అటువంటివాడు లేడు. మావాడే రాత్రుళ్ళు కూర్చుని తనకు తోచినట్లు సర్దాడు. మూడోసారి ట్రాకు మీదికి వెళ్ళినప్పుడు, గాలి ఎక్కువై పెట్రోలు చాలక, రవ్వ పడవలసిన దానికంటె ముందే పడి, ఒక పిస్టన్‌కు రూపాయి బిళ్ళంత చిల్లు పడింది.

మావాడు నన్నొక్క మాట అనలేదు. "పోనీలెండి మామయ్యా" అన్నాడు. మా చెల్లెలు ఆ చిల్లుపడిన పిస్టన్‌ను కడిగి, తుడిచి, బావగారి బీరువాలో పెట్టింది. అదీ నాకు తగిలింది.

కొత్త ఇంజను కూర్చడానికి ఏడాది పట్టింది. ఈలోగా నేను బుద్ధిగా చదువుకున్నాను. ఆస్ట్రేలియా వారి మోటెక్, హాల్‌టెక్. న్యూజిలాండు వారి లింక్. పోలండు వారి ఇ.సి.యు. మాస్టర్, చేతితో కూర్చుకునేవారికి మెగాస్క్విర్ట్, స్పీడుయినో – ఇలా ఒక్కొక్క పెట్టెకూ ఎన్ని తీగలు తగులుతాయో, ఏమేమి కొలుస్తుందో కాగితం మీద గళ్ళు గీసి రాసుకున్నాను. ఎం.ఏ. పరీక్షకు కూడా అంత రాయలేదు. ఆ కాగితం పట్టుకుని మావాడితో కలిసి చెన్నై శివారున ఒక షెడ్డుకు వెళ్ళాను. అక్కడి పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా రేసు కార్లకు ట్యూనింగు చేస్తున్నాడు. తమిళం కలిసిన తెలుగు.

నా కాగితం ఓపికగా చూసి, "అన్నీ మంచి పెట్టెలే సార్. దీనికి చదువు చెప్పేదెవరు?" అన్నాడు.

నేను తెల్లబోయాను. అప్పుడాయన వివరించాడు. స్వతంత్రపు పెట్టె కొన్ననాడు వట్టి పలక లాంటిది. ఇంజను వేగాలు ఒక పక్క, గాలి ఒత్తిళ్ళు ఒక పక్క, పదహారు పదహార్లు 256 గళ్ళ పట్టిక. ఏ గడిలో ఎంత పెట్రోలో, ఇంకో పట్టికలో ఎన్ని డిగ్రీల ముందు రవ్వో, ఎవరో కూర్చుని నింపాలి. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి సరిపోతుంది. టర్బో ఒత్తిడి మీద దాన్ని 12కు దగ్గరగా దించాలి. పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో కొలిచే సెన్సారు చూసుకుంటూ ఒక్కొక్క గడే దిద్దాలి.

ఇంజను ఎక్కడ తిరుగుతున్నదో పెట్టెకు ఎలా తెలుస్తుందని అడిగాను. పళ్ళచక్రం ఒకటి చూపించాడు. ముప్ఫై ఆరు పళ్ళకు చోటున్నా ముప్ఫై అయిదే వున్నాయి. ఆ ఖాళీ ఎదురైనప్పుడల్లా కొత్త చుట్టు లెక్కకు గుర్తు దొరుకుతుందట. నాకు ప్రాణం లేచివచ్చింది. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామమే గదా! ఇనుము మీద కూడా అదే నియమం. ఆ మాట ఆయనతో అంటే నవ్వి, "మీకు సగం వచ్చేసింది సార్" అన్నాడు.

తరవాత బేరం తేలికైంది. నాలుగు ప్రశ్నలే మిగిలాయి. మన చక్రాన్నీ సెన్సార్లనూ చదవగలదా? పెట్రోలు తగ్గినా, నూనె ఒత్తిడి పడినా, నీళ్ళు కాగినా తనంతట తాను ఇంజనును ఆపగలదా? జరిగినదంతా రాసి దాచిపెడుతుందా? అన్నిటికంటె ముఖ్యంగా, మనకు అందేచోట దాన్ని బాగా ఎరిగినవాడున్నాడా? ఈ నాలుగింటికీ అవునన్న పెట్టె నా కాగితంలో అన్నిటికంటె ఖరీదైనదీ కాదు, చవకదీ కాదు. ఆ పెద్దాయన పదేళ్ళుగా వాడుతున్నది. దాని పేరు చెప్పను. మీకు అందేచోట వున్నవాడికి మరొకటి అలవాటై వుండవచ్చు. పెట్టెకు తగ్గించుకున్న డబ్బు ఆయన కూలికి పోసి, రెండు రోజులు పూర్తిగా ఆ పట్టికలు నింపించాం.

కిందటి సంవత్సరం జనవరిలో మా చెల్లెలు మొదటిసారిగా ట్రాకుకు వచ్చింది. కారు రెండు చుట్లు ఈల వేసుకుంటూ తిరిగింది. మూడో చుట్టులో ఒక పొడుగాటి మలుపు తిరుగుతుండగా చప్పుడు టక్కున ఆగిపోయింది. మా చెల్లెలి చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. చన్నీళ్ళలా వుంది ఆ చెయ్యి.

కారును లాక్కొచ్చారు. మావాడు దిగి, తల వంచుకుని నిలబడ్డాడు. పెద్దాయన లాప్‌టాప్ తగిలించి పెట్టె రాసుకున్నదంతా చూశాడు. మలుపులో నూనె అంతా ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చింది. నూనె ఒత్తిడి గీత ఒక్కసారిగా పడిపోయింది. పడిన వెంటనే పెట్టె ఇంజనును ఆపేసింది. ఇంకొక్క క్షణం నడిచి వుంటే బేరింగులు పోయేవట. నూనె తొట్టిలో అడ్డుగోడలు పెట్టిస్తే సరిపోతుందన్నాడు.

మా చెల్లెలు అంతా విని, మెల్లిగా అడిగింది: "అన్నయ్యా, వీడు తొక్కుతున్నా అది ఆపేసిందా?"

"ఆపేసింది."

"అలా ఆపమని దానికి ఎవరు చెప్పారు?"

పెద్దాయన వైపు చూపించాను. ఆయన తల ఎత్తకుండా తీగలు చుట్టుకుంటున్నాడు. మా చెల్లెలు సంచిలోంచి పులిహోర డబ్బా తీసి, మాకెవరికీ పెట్టకుండా, ముందు ఆయనకు పెట్టింది.