పునాది సరిచూడనిదే బేరింగు మార్చవద్దు

తిరిగే యంత్రాలను అమర్చే వారందరికీ ‘సాఫ్ట్ ఫుట్’ అనే మాట సుపరిచితమే. మోటారుకున్న నాలుగు పాదాలలో ఏ ఒక్కటి బేస్‌ప్లేటుపై సరిగా ఆనకపోయినా, బోల్టు బిగించగానే చట్రం మెలితిరుగుతుంది, షాఫ్టు వరుస తప్పుతుంది, ప్రకంపనం బేరింగులో బయటపడుతుంది. బేరింగు మార్చినంత మాత్రాన జబ్బు నయం కాదు. అందుకే ఫీలర్ గేజి పట్టుకుని ముందుగా పాదాల కింద చూస్తాము. 0.05 మిల్లీమీటరు మించిన సందును ఉపేక్షించము. మన దేహం విషయంలో మాత్రం నడుము నొప్పి వస్తే నడుముకు పట్టీ కట్టుకుని ఊరుకుంటాము.

2021లో మెట్లు దిగుతుండగా నా కుడి చీలమండ బెణికింది. వాపు మూడు వారాలలో తగ్గింది కాని, బిగువు మిగిలిపోయింది. మరుసటి ఏడాదికి గంటసేపు నిలబడినా, వంగి వాల్వు పరిశీలించినా నడుము పట్టివేయసాగింది. ఎక్స్‌రేలో చెప్పుకోదగిన దోషమేదీ కనిపించలేదు. ఫిజియోథెరపిస్టు ఒకామె నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించమన్నారు. ఎడమ పాదం వేళ్లు గోడకు పది సెంటీమీటర్ల దూరంలో ఉన్నా మోకాలు తాకింది. కుడి పాదాన్ని నాలుగు సెంటీమీటర్లు దాటించగానే మడమ లేచిపోయింది. ఆనాటి నుంచి ఈ విషయాన్ని శ్రద్ధగా అధ్యయనం చేస్తున్నాను.

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలున్నాయి. నేలను తాకినప్పుడు పాదం సడలి ఎగుడుదిగుళ్లకు ఒదుగుతుంది. దేహాన్ని ముందుకు నెట్టేటప్పుడు అదే పాదం గట్టి మీటగా మారుతుంది. బొటనవేలు పైకి వంగగానే, వించికి తాడు చుట్టుకున్నట్లు, అరికాలి పొర బిగిసి పాదపు వంపును పైకెత్తుతుంది. 1954లో జె.హెచ్. హిక్స్ దీనిని విండ్‌లాస్‌తో పోల్చి వివరించారు. ఇక చీలమండకు దిగువనున్న కీలు ఏటవాలుగా బిగించిన మడతబందు వంటిది. పాదం లోపలికి ఒరిగితే మోకాలి దిగువ ఎముకా, దాని వెంట తొడ ఎముకా లోపలికి తిరుగుతాయి. కటి వలయం కొద్దిగా ముందుకు వాలుతుంది. పాదాల కింద ఏటవాలు పలకలు పెట్టి చేసిన ప్రయోగాలలో ఇది కొలతకు అందింది. గొంతుక్కూర్చునేటప్పుడు చీలమండ తగినంత వంగకపోతే, ఆ లోటును చాలావరకు నడుమే వంగి భర్తీ చేయవలసి వస్తుంది.

ఇంజనీరింగ్ చదివి వెన్నెముక పరిశోధనలో పేరుగాంచిన మనోహర్ పంజాబీ 1992లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఎముకలు, కండరాలు, నాడీ నియంత్రణ అనే మూడూ కలిసి వెన్నుకు స్థిరత్వమిస్తాయని దాని సారాంశం. కండరాలు తొలగించిన నడుము వెన్నెముక సుమారు 90 న్యూటన్ల భారానికే ఆయిలర్ సూత్రంలోని స్తంభంలా ఒరిగిపోతుందని ప్రయోగాలు చూపాయి. మన తల, మొండెం, చేతుల బరువు దానికి మూడు నాలుగు రెట్లు! అంటే మనలను నిలబెట్టేది కండరాల సకాల స్పందనే. నిలబడినప్పుడు ఆ స్పందనకు కావలసిన సమాచారంలో ముఖ్యభాగం అరికాలు, చీలమండల నుంచే అందుతుంది.

అయితే ఉపమానాన్ని హద్దు దాటించరాదు. మోటారు పాదం కింద షిమ్ము పెడితే సరిపోతుంది. మనిషి పాదం ప్రతి అడుగుకూ రూపు మార్చుకునేది. బూట్లలో వేసుకునే ఇన్‌సోళ్లు నడుము నొప్పిని నివారించలేవని 2007 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. చదును పాదాల వారందరికీ నడుము నొప్పి రాదు. నడుము నొప్పులన్నీ పాదం నుంచి పుట్టవు. కాలు బలహీనపడినా, మూత్రంపై పట్టు తప్పినా తక్షణం వైద్యుని వద్దకు వెళ్లవలసిందే.

నేను రోజూ గోడ వద్ద చీలమండను వంచుతాను, మునివేళ్లపై మెల్లగా లేచి దిగుతాను, పళ్లు తోముకుంటూ ఒంటికాలిపై నిలబడతాను. ఆరు నెలలకు కుడి కొలత ఎనిమిది సెంటీమీటర్లకు చేరింది. నొప్పి పూర్తిగా పోలేదు. కాని కప్లింగు పక్కన గొంతుక్కూర్చుని డయల్ గేజిని నేనే చదవగలుగుతున్నాను.

నాకు పదవీ విరమణ దగ్గరపడింది. నా చింత మన ఫిట్టర్లు, వెల్డర్ల గురించి. పూటంతా గొంతుక్కూర్చుని పనిచేసే వారికి నడుమే జీవనాధారం. వార్షిక వైద్య పరీక్షలో కంటికి, చెవికి, రక్తపోటుకు సమయం ఇస్తున్నాము. చీలమండకు కూడా ఒక నిమిషం కేటాయించవలసిందని నా విన్నపం. కావలసిన పరికరాలు రెండే: ఒక గోడ, ఒక స్కేలు.