నవలలో మా ఇల్లు

తెలుగు నవలలో మేం లేమని ఎవరైనా అంటే ఒప్పుకోం. ఉన్నాం. బంగళా గేటు దగ్గర నమ్మకంగా నిలబడ్డ చౌకీదారు మేమే. సంతలో మేకను గుంజుకుపోయే సాయిబు మేమే. అర్ధరాత్రి సముద్రం ఒడ్డున బంగారం దింపేవాడూ మేమే. హీరోను కాపాడబోయి, ఆఖరి అధ్యాయానికి కొంచెం ముందు చచ్చిపోయే ప్రాణస్నేహితుడూ మేమే. నోరు తెరిస్తే మాత్రం 'నీకీ', 'నాకీ', 'అరె భాయ్' అంటాం. పుట్టినకాడి నుంచి తెలుగువాళ్ల మధ్యనే బతికినవాడు కూడా నవలలో కాలు పెట్టగానే తెలుగు మర్చిపోతాడు. ఇదెట్లా జరుగుతుందో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ చౌకీదారు డ్యూటీ దిగి ఇంటికి పోతాడు గదా. ఇంట్లో తల్లి ఉంటుంది, పిల్లలుంటారు, కట్టాల్సిన కిరాయి ఉంటుంది, పదో తరగతి తప్పిన తమ్ముడుంటాడు. వాళ్లు ఏ భాషలో పోట్లాడుకుంటారు, దేనికి నవ్వుకుంటారు, అన్నం తక్కువైన రోజు ఎవరు ఆకలి లేదని అబద్ధమాడతారు? నవల అక్కడిదాకా రాదు. గేటు దగ్గరే ఆగిపోతుంది. మా గొడవంతా ఆ ఇంటి గురించే.

మేం కరీంనగర్‌లో పెరిగినవాళ్లం. సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద వెలసిన ఊరు. 1990లలో బస్టాండు దారిలో నవలలు అద్దెకిచ్చే డబ్బా దుకాణాలుండేవి. మధుబాబు షాడోను, యండమూరిని, యద్దనపూడిని అక్కడి నుంచే తెచ్చుకుని దుప్పటి కింద టార్చిలైటుతో చదివినం. ఇంట్లో ఇనుప సందూకులో ఇంకో లోకం ఉండేది. ఇబ్నె సఫీ 'జాసూసీ దునియా' పాత కాపీలు, అప్పటికే ఆగిపోయిన పిల్లల పత్రిక 'ఖిలౌనా' సంచికలు. ఇబ్నె సఫీ 1952లో అలహాబాద్ నుంచి ఈ జాసూసీ నవలలు మొదలుపెట్టి, అదే ఏడాది కరాచీ వెళ్లిపోయాడు. ఆయన పుస్తకాలు మాత్రం సరిహద్దు లెక్కచేయలేదు. కర్నల్ ఫరీదీ, ఇమ్రాన్ పేర్లు మా పేర్లే. కాని వాళ్లు తిరిగే నైట్‌క్లబ్బులు, ఎక్కే పొడుగు కార్లు మా మొహల్లాలో ఎక్కడున్నాయి? షాడో మా ఊరివాడు కాడు, ఇమ్రాన్ కూడా కాడు. అయినా ఇద్దర్నీ ప్రేమించినం. ఆ వయసులో మాకది లోటనిపించలేదు. హీరో అంటే ఎక్కడో ఉంటాడనే అనుకున్నం.

ఇప్పటి పిల్లలు అట్లా అనుకోరు. పదో తరగతి చదివే మా అమ్మాయి మోచేతి మందం ఇంగ్లీషు నవలలు వరసపెట్టి చదువుతుంది. ఆ పుస్తకాల్లో హీరోయిన్లు ఆమె ఈడు పిల్లలే. స్కూల్లో అవమానం, తల్లితో తగవు, సొంత గది లేకపోవడం, ఒంటరితనం అన్నీ ఉంటాయి. మొన్న ఎండాకాలం సెలవుల్లో అడిగింది, "అబ్బా, మనలాంటి ఇంట్లో జరిగే తెలుగు నవల ఒక్కటియ్యి, చదువుతా." ఉర్దూ లిపి ఆమెకు రాదు. మాట్లాడుతుంది, చదవలేదు. కాబట్టి ఉర్దూ అల్మారా ఆమెకు తాళం పడ్డ అల్మారా.

మేం తెలుగు అల్మారా ముందు నిలబడ్డం. కవిత్వం ఉంది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లోనే వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. కథలున్నాయి. 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', 2004లో 'వతన్' సంకలనం, 2011లో స్కైబాబ 'అధూరే'. దర్గామిట్ట చదివి అమ్మాయి పడీపడీ నవ్వింది. కాని అది నెల్లూరు సీమ ఇల్లు, నెల్లూరు తెలుగు. మా ఇంట్లో దాదీ మాట్లాడే దక్కనీ అందులో వినపడదు. నవలల అరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. సలీం రాసిన 'వెండి మేఘం' ఉంది. 'కాలుతున్న పూలతోట'కు 2010లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది గాని, అది ఎయిడ్స్ మీద రాసిన నవల. ఇట్లా వేళ్ల మీద లెక్కపెట్టాల్సిన పరిస్థితి.

ఎందుకిట్లా? మా వాళ్లకు నవల రాసే తెలివి లేక కాదు. గాయమైన రాత్రి ఒక కవిత రాయొచ్చు. 1992 డిసెంబరు తర్వాత మా వాళ్లు అట్లనే రాసినరు, రాయకపోతే ఊపిరాడేది కాదు. కథకు నాలుగు ఆదివారాలు చాలు. నవలకు ఏడాది కావాలి, ఒక కుర్చీ కావాలి, నెలనెలా వచ్చే జీతం కావాలి, ఇంట్లో ఎవరో ఒకరు దుబాయిలో లేకుండా ఉండాలి. అన్నిటికంటే, రాసేవాడు పొద్దున లేచి పేపరు చూసి 'ఇవ్వాళ దేనికి జవాబు చెప్పాలి' అనుకోకుండా ఉండాలి. జవాబులు చెప్పీ చెప్పీ మా కలం కవిత దగ్గరే అలిసిపోయింది. నవల జవాబు చెప్పదు. నవల కూర్చొని ఇంటి సంగతులు చెపుతుంది. ఆ తీరిక మాకు దొరకలేదు.

చివరికి అమ్మాయి చేతికిచ్చింది 'జిగిరి'. రాసింది పెద్దింటి అశోక్‌కుమార్. పాత కరీంనగర్ జిల్లా గంభీరావుపేట మండలం మనిషి, ముస్లిం కాదు. 2006లో అమెరికా తెలుగువాళ్ల సంఘం 'ఆటా' నవలల పోటీలో ఇది బహుమతి పొందింది. తర్వాత వేరే భాషల్లోకీ పోయింది. పేరు చూడంగనే మాకు దగ్గరగా అనిపించింది. జిగ్రీ దోస్తు అంటే కాలిజానికి అంటుకున్నవాడు. మా తెలంగాణలో హిందువుకూ ముస్లింకూ నోట్లో ఒకే తీరుగ తిరిగే మాట.

ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం, అతని భార్య బీబమ్మ, కొడుకు చాంద్, ఎలుగు షాదుల్. ఇంతే మనుషులు. షాదుల్‌ను మనిషిలోనే లెక్కేస్తున్నం, ఎందుకంటే ఇమాం అట్లనే లెక్కేస్తడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత ఎలుగును పట్టుకోవడం, ఆడించడం నేరం కిందికి వచ్చింది. తరాల నుంచి చేతికొచ్చిన పని ఒక్క కాగితంతో పోయింది. ఎలుగును వదిలించుకుంటే సర్కారు భూమి వస్తుందనే ఆశ ఇంట్లోకి చొరబడుతుంది. కొడుక్కు భూమి కావాలె. తండ్రికి షాదుల్ కావాలె. బీబమ్మ నడుమ నలిగిపోతది.

ముస్లిం కాని మనిషి మా ఇంటి కథ ఎట్లా రాస్తాడని మాలో కొందరు సణుగుతారు. మేం ఆ సణుగుడులో కలవం. ఇమాంను ఆయన గేటు దగ్గర నిలబెట్టలేదు. ఇమాం కథకు ఇరుసు దేశభక్తి కాదు, అన్నం. ఎవరికీ రుజువు చూపించాల్సిన పని లేకుండా ఒక పేద ముస్లిం తెలుగు నవల నడిమధ్యలో నిలబడ్డడు. పల్లె నుంచి పల్లెకు తిరిగే సంచార సాయిబులను మా పట్నం ముస్లింలమే ఎన్నడూ మా వాళ్లుగా సరిగ్గా గుర్తించలేదు గదా. పొరుగాయన గుర్తించిండు. షుక్రియా చెప్పాల్సిన చోట సణగడమెందుకు?

అమ్మాయి రెండు రాత్రుల్లో చదివింది. మూడో రోజు అన్నం దగ్గర కొట్లాట. మేం ఇమాం పక్షం. షాదుల్‌ను విడిచిపెట్టాల్సి వచ్చే ఆ తండ్రి గుండె మాకు తెలుసు అనుకున్నం. అమ్మాయి చాంద్ పక్షం. "భూమి కావాలనుకుంటే తప్పేంది? వాడు కూడా గొలుసు పట్టుకుని ఊరూరా తిరగాలా?" అని నిలదీసింది. పెద్దలకు ఒక నవల, పదిహేనేండ్ల పిల్లకు ఇంకో నవల, రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నయి. అంతటితో ఆగలేదు. ఉర్దూ నేర్చుకొమ్మని మేం ప్రతి సెలవుల్లో సతాయిస్తున్న సంగతి మనసులో పెట్టుకుని, "మీకు ఉర్దూ కూడా షాదుల్ లాంటిదే" అంది. మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాటకు ఇంకా ఒప్పుకోలేదు. అయితే ఇట్లాంటి మాట అనే ధైర్యం ఆమెకు నవల ఇచ్చింది. మేం పదేండ్లు ఇచ్చిన ఉపన్యాసాలు ఇయ్యలేదు.

ఉద్యోగరీత్యా మేం ఆదిలాబాద్ జిల్లాలో కొన్నేండ్లు తిరిగినం. 2016 అక్టోబరులో దాన్ని నాలుగు ముక్కలు చేయకముందు సంగతి. అక్కడ ఒక్క బజారులో నిలబడితే గోండీ, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు అన్నీ వినపడతయి. ఆ జిల్లా నవల అంటే అందరూ చూపించేది అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీము', 1983. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం బలగాల కాల్పుల్లో చనిపోయిన భీము కథ. గొప్ప నవల, పిల్లలందరూ చదవాలి. కాని ఆసిఫాబాద్‌లో బండి మీద పండ్లమ్మే ముస్లిం ఇంటి పిల్లవాడు ఈ చరిత్ర చదివినప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. తాలూకాదారు పేరు వాడి పేరులాగే ఉంటది. జంగ్లాత్ అధికారి మాటలు వాడి అమ్మమ్మ మాటల్లాగే ఉంటయి. వాడి తాతకు ఆ దర్బారులో చెప్పులు విడిచే చోటు కూడా ఉండలేదు. పేరు ఒకటైన పాపానికి వాడు తలొంచుకుని పేజీ తిప్పుతడు.

భీముకు ఎనభై ఏండ్ల ముందే, అదే నేల మీద రాంజీ గోండుతో కలిసి రోహిల్లాలు ఇంగ్లీషువాళ్ల మీద, నిజాం మీద తిరగబడ్డరు. 1860 ప్రాంతంలో పట్టుబడ్డవాళ్లను నిర్మల్‌లో ఒకే మర్రిచెట్టుకు ఉరితీసినరు. వెయ్యిమంది అని జనం చెప్పుకుంటరు, అందుకే వెయ్యి ఉరుల మర్రి అని పేరు. గోండు, రోహిల్లా ఒకే కొమ్మకు వేలాడిన ఈ సంగతి మీద ఈడొచ్చిన పిల్లలు రాత్రంతా మేలుకొని చదివే నవల ఉండొద్దా? గుర్రాలున్నయి, అడవి ఉంది, గోదావరి ఉంది, ద్రోహం ఉంది. షాడోకు ఏం తక్కువ?

ఉర్దూ వైపు కూడా మేం ఒక మాట గుర్తు చేస్తున్నం. తెలంగాణ రైతుపోరాటం మీద వచ్చిన 'మా భూమి' సినిమాకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. జీలానీ బానో 'బారిష్-ఎ-సంగ్' తెలంగాణ వెట్టి బతుకుల మీద రాసిన నవల. హనుమాజీపేట పిల్లవాడు సింగిరెడ్డి నారాయణరెడ్డి ఉర్దూ మీడియంలో చదివి తెలుగుకు జ్ఞానపీఠం తెచ్చిండు. ఇంత ఇచ్చిపుచ్చుకున్న నేల మీద, మా కథ పంపిస్తే ఒక పత్రికవాళ్లు ఏమన్నరో తెలుసా? 'నానీ', 'దస్తర్‌ఖాన్', 'నక్కో' అన్న మాటలకు కింద అర్థాలు రాసి పంపమన్నరు. అదే సంచికలో 'బ్రేకప్', 'డెడ్‌లైన్' అనే మాటలకు ఏ అర్థమూ లేదు. రైతు, జిల్లా, దుకాణం, దస్తావేజు అన్న మాటలు ఏ దారిన తెలుగులోకి వచ్చినయో వాళ్లకు గుర్తులేనట్టుంది.

కన్నడంలో బాను ముష్తాక్‌ను చూడండి. ఇంట్లో ఉర్దూ, బడిలో కన్నడం, రాసింది కన్నడంలో. మాకు అచ్చం అద్దంలో చూసుకున్నట్టుంటది. 2025 మే నెలలో ఆమె కథలకు ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. అనువదించిన దీపా భస్తి కన్నడ, ఉర్దూ మాటలను ఇంగ్లీషులో కూడా వాలు అక్షరాల్లో పెట్టలేదు, అడుగున అర్థాలు రాయలేదు. మలయాళంలో బషీర్ ఈ పని 1951లోనే చేసిండు. తాతకు ఏనుగుండేదని గొప్పలు చెప్పే తల్లి, ఆ గొప్పల కింద పెరిగే ఒక ముస్లిం ఆడపిల్ల. ఆ చిన్న నవలను మలయాళీలు ముస్లిం నవల అనరు, మా నవల అంటరు. బడిపిల్లలూ చదువుతరు, ముసలివాళ్లూ చదువుతరు.

ఈ 'మా' అనే మాట దగ్గర మాకొక చిక్కు ఉంది. ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. మాట్లాడేటోడు వినేటోన్ని లోపలికి తీసుకుంటున్నడా, బయట నిలబెడుతున్నడా అన్నది మొదటి మాటలోనే తేలిపోతది. ముప్పై ఏండ్ల సంది మా రచన 'మేము' అంటూ వచ్చింది. ఈ వ్యాసం కూడా అదే అంటున్నది. అనక తప్పలేదు. కాని మూడువందల పేజీలు 'మేము' అంటూ పోతే పిల్లలు చదవరు. నవల ఎక్కడో ఒకచోట 'మనం' అనాలె, అప్పుడు ఆ 'మనం'లో ఎవరెవరు ఉంటరన్నది రాసేవాళ్లే తేల్చుకోవాలె.

నిర్మల్‌లో ఒక అమ్మాయి, డిగ్రీ చదువుతూ ఇంట్లో బీడీలు చుడుతుంది, నోటుబుక్కులో నవల మొదలుపెట్టింది. బీడీ కార్మికుల మీద జగిత్యాల బి.ఎస్. రాములు 'బతుకుపోరు' ఎప్పుడో రాసిండని చెప్పి, ఆ పుస్తకం పంపినం. చదివి, "బాగుంది సాబ్, కాని మా అమ్మీ చాట ముందు కూర్చొని పాడే పాటలు ఇందులో లేవు, నేను అవి రాస్తా" అని కబురు చేసింది. తల్లి మాటలన్నీ దక్కనీలోనే, తెలుగు లిపిలో పెడుతుంది. అర్థాలు రాయాలా అని అడిగితే నక్కో అన్నం. తునికాకు తడిపి కత్తిరించే తీరు ఆరు పేజీలు రాసింది, ఒక్క ముక్క కొట్టేయొద్దన్నం. ఇప్పటికి నలభై పేజీలయినయి. టేకేదారు ఇంకా ఇంట్లోకి రాలేదు.